ఒకవేళ గారూ, యాభై పరుపులూ

మా పన్నుల ఆఫీసులో ఆయన్ని అందరూ ఒకవేళ గారు అనేవాళ్లు. సొంత పేరు ఉండే ఉంటుంది. హాజరు పట్టీలో రోజూ సంతకం పెట్టేవారు. కానీ ఆ సంతకానికి ముందు కూడా "ఒకవేళ ఇది నిన్నటి పేజీ అయితే?" అని తేదీ రెండుసార్లు చూసుకునే మనిషిని ఇంకో పేరుతో పిలవడానికి మాకు నోరు రాలేదు.

నేను కొత్త ఎగ్జామినర్‌గా ఆయన చేతి కింద చేరాను. కామర్స్ డిగ్రీ, పోటీ పరీక్షలో మంచి మార్కులు, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగం. ఏడాది ప్రొబేషన్ సవ్యంగా గడిస్తే ఉద్యోగం ఖాయం, లేకపోతే ఇంటికే. మా నాన్న మాత్రం అప్పుడే ఖాయమైపోయిందని చుట్టాలందరికీ చెప్పేశాడు.

"ఈ పనికి ఏమేం వచ్చుండాలి సార్?" అని మొదటి రోజే అడిగాను.

"లెక్కలు, చట్టం. రెండూ నీకు వచ్చు, పరీక్ష పాసయ్యావు. మూడోది మీ పుస్తకాల్లో ఉండదు."

"ఏంటది సార్?"

"భయం తల్లీ. మనం రాసిన కాగితం ఎవరో ఒకరి ఇంటికెళ్తుంది కదా." అలా అని కుర్చీని నాలుగు వైపులా ఊపి చూసి, అప్పుడు కూర్చున్నారు.

పని చెప్పుకోవడానికి చిన్నదే. వ్యాపారులు పంపిన రిటర్నులు చదవాలి, బిల్లులతో సరిపోల్చాలి, తేడా వస్తే అడగాలి, అవసరమైతే షాపుకెళ్లి చూడాలి. తక్కినవాళ్లు రోజుకి పది ఫైళ్లు తేలిస్తే ఒకవేళ గారు నాలుగు తేల్చేవారు. కూడిక పైనుంచి కిందికి చేసి, మళ్లీ కిందినుంచి పైకి చేసేవారు. లెక్కల మిషను ఉంది కదా సార్ అంటే, "ఒకవేళ దానికి ఇవాళ ఒంట్లో బాగాలేకపోతే?" అనేవారు.

డిపార్ట్‌మెంటు పరీక్షకి పాఠం చెప్పించుకోవడానికి ఆదివారాలు వాళ్లింటికి వెళ్లేదాన్ని. ఒకసారి ఆయన నా జవాబు మూడోసారి దిద్దుతుంటే వాళ్లావిడ నా మొహం చూసి జాలిపడింది.

"ఈయన మొదట్నుంచీ ఇంతేనమ్మా. మా పెద్దాడు పుట్టినప్పుడు నర్సు తూచి రెండున్నర కిలోలంది. ఈయనేమో తూకం సరైందో కాదోనని తన చెప్పులు విప్పి దాని మీద పెట్టారు. ఆ పిల్ల చెప్పులు తీసి కిటికీలోంచి బయటికి విసిరేసింది."

"ఒక చెప్పే విసిరింది," అని ఆయన కాగితంలోంచి తలెత్తకుండా సరిదిద్దారు.

అలాంటి మనిషి దగ్గర పది నెలలు గడిపేసరికి నాకు ఓపిక అడుగంటింది. సరిగ్గా అప్పుడే పరుపులాయన ఫైలు నా బల్ల మీదికి వచ్చింది.

ఆయనది చిన్న షాపు. ముందు గదిలో అమ్మకం, వెనక గదిలో రెండు కుట్టుమిషన్లు. ఒకదాని మీద భార్య, ఇంకోదాని మీద వదిన. ఆ ఏడాది పదిహేను వందల మీటర్ల గుడ్డ కొన్నట్టు బిల్లులున్నాయి. ఒక్కో పరుపుకి అయిదు మీటర్లని పాత ఫైల్లో రాసుంది. అంటే మూడు వందల పరుపులు. ఆయన రిటర్నులో చూపించింది రెండు వందల యాభై. మరి యాభై పరుపులు ఏ అటక ఎక్కినట్టు?

పిలిపించి అడిగాను. కనుబొమల మీద దూదితోనే వచ్చాడు.

"నేనేం దాచలేదమ్మా. గుడ్డంతా పరుపులకే పోయింది."

"లెక్క అలా చెప్పట్లేదండీ."

"లెక్కలు నాకేం తెలుసమ్మా. కుట్టడం తెలుసు."

నాకు దొరికిన మొదటి దొంగ అనుకున్నాను. పన్ను, దానిమీద జరిమానా కలిపి ఉత్తర్వు రాశాను. అది కట్టాలంటే ఆయన రెండు మిషన్లూ అమ్ముకోవాలి.

ఒకవేళ గారు చదివి, "ఇంకోసారి చూద్దాం," అన్నారు. మర్నాడూ అదే మాట. మూడో రోజు ఆయన భోజనానికి వెళ్లిన సందు చూసుకుని, ఫైలు నేనే తీసుకెళ్లి ఆఫీసరు గారి బల్ల మీద సంతకాల దొంతరలో పెట్టేశాను.

ఒకవేళ గారు చేయి తుడుచుకుంటూ వచ్చి, "పద తల్లీ, ఆ షాపుకొకసారి వెళ్లొద్దాం. ఒకవేళ ఆయన చెప్పేది నిజమైతే?" అన్నారు.

ఫైలు పంపేశానని చెప్పకుండానే ఆయన స్కూటరు వెనక కూర్చున్నాను. పక్కన నడిచేవాళ్లు మమ్మల్ని దాటుకుని పోతున్నారు.

షాపులో ఒకవేళ గారు బిల్లులు అడగలేదు, సంచిలోంచి టేపు తీశారు. కుట్టిన గలీబు కొలిచారు, గుడ్డ తాను విప్పి దాని పన్నా, అంటే వెడల్పు, కొలిచారు. మళ్లీ కొలిచారు.

"ఈ గుడ్డ పన్నా తక్కువగా ఉందేంటండీ?"

"పోయినేడు నుంచి ఇదే వస్తోంది సార్," అంది మిషను మీదున్న వదిన. "పాత పన్నా రావట్లేదు. పరుపుకి ఆరు మీటర్లు పడుతోంది. అతుకులు వేయలేక చస్తున్నాం."

ఆరు. పదిహేను వందల్ని ఆరుతో భాగిస్తే రెండు వందల యాభై. అక్కడే ఉన్న పరుపు మీద కూర్చుని మళ్లీ భాగించాను, అదే వచ్చింది. పరుపులాయన మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

బయటికొచ్చాక చెప్పేశాను. "సార్, ఫైలు పైకి పంపించేశాను. నాలుగున్నరకి సంతకాలు పెట్టేస్తారు. అయిదింటికి తపాలాకి వెళ్లిపోతుంది."

అప్పుడు నాలుగుంపావు. ఆయన వెంటనే స్కూటరు తీశారు. ఆ రోజు ఆయన నడిపిన తీరు చూస్తే వాళ్లావిడ పుట్టింటికి వెళ్లిపోయేది. అయినా ప్రతి మలుపులోనూ చెయ్యి చూపించడం మాత్రం మానలేదు.

ఆఫీసరు గారి గది తలుపు ఓరగా వేసుంది. ఒకవేళ గారు లోపలికి వెళ్లారు, నేను బయట గోడకి అతుక్కుని నిలబడ్డాను.

"సార్, ఆ పరుపుల ఫైలు ఒకసారి వెనక్కి కావాలి. నేనే పంపించమన్నాను. ఇప్పుడు నాకే అనుమానంగా ఉంది."

"మళ్లీనా? మీకు అనుమానం లేనిదెప్పుడండీ?"

"నిజమే సార్, పాడు అలవాటు."

లోపల ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆఫీసరు గారు, "తీసుకెళ్లండి. మీతో వేగలేం," అన్నారు. ఆయన ఫైలు చంకలో పెట్టుకుని బయటికొచ్చి నా చేతిలో పెట్టారు. "కొత్తగా రాయి. తొందరేం లేదు," అన్నారంతే.

నేను మళ్లీ రాశాను. పరుపులాయన కట్టాల్సింది ఏమీ లేదని తేలింది.

ప్రొబేషన్ ముగిసిన రోజు ఆఫీసరు గారు పిలిచి నా కాగితం మీద సంతకం పెట్టారు. అది పుచ్చుకుని మడిచి కూడా, నేను కదల్లేదు.

"సార్, ఆ పరుపుల ఫైల్లో తప్పు నాది. ఆయనది కాదు."

"తెలుసు."

"ఆయన చెప్పారా సార్?"

"ఆయనా? ప్రాణం పోయినా చెప్పరు." ఆఫీసరు గారు కుర్చీలో వెనక్కి వాలారు. "ఆయన సొంత ఫైలు ఇంతవరకు ఒక్కటి కూడా తప్పుందని తిరిగి రాలేదమ్మా. కొత్తవాళ్లు చేరిన ఏడాది మాత్రం ఆయనకి అనుమానాలు ఎక్కువైపోతాయి. అందరిముందూ నవ్వించుకుని మరీ ఫైలు పట్టుకుపోతారు." కాస్త గొంతు తగ్గించారు. "నేను ఎగ్జామినర్‌గా చేరిన ఏడాదైతే మూడుసార్లు పట్టుకుపోయారు."

బయటికొచ్చేసరికి ఒకవేళ గారు వరండాలో అటూ ఇటూ తిరుగుతున్నారు.

"ఏమన్నారు?"

"ఖాయమైంది సార్."

"నోటిమాటేనా, సంతకం పెట్టారా?"

"పెట్టారు సార్."

"సిరా ఆరాకే మడిచావా?"

గబగబా మడత విప్పి చూశాను. ఆఫీసరు గారి సంతకం తిరగబడి కాగితం రెండో సగం మీద కూడా పడింది.

ఆయన కళ్లజోడు సర్దుకుని, కాగితాన్ని వెలుగులో పెట్టి, పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూశారు.

"పర్లేదు తల్లీ," అని నవ్వారు. "రెండుసార్లు ఖాయమైంది."