రసూల్‌బీ మసాలా పొట్లం

చిలకలూరిపేటలో కారం మిల్లు నడిపే రసూల్‌బీకి ఓ అలవాటుంది. వీధిలో ఎవరు దుబాయ్ వెళ్తున్నా వాళ్ళ పెట్టె ఆమె ముందు విప్పాల్సిందే. ఘాటుకి ముక్కుకు అడ్డం కట్టుకున్న కొంగు కిందికి లాగి, ప్రతి పొట్లాన్నీ వాసన చూస్తుంది. ఎవరో ఎవరికో ఇమ్మన్న డబ్బాలన్నీ తీసి అవతల పెట్టి, "ఎవడి గంజాయో మోసి నువ్వు జైల్లో కూర్చుంటావా?" అని గదమాయిస్తుంది. చివరికి తాను దంచిన మాంసం మసాలా పొట్లం పెట్టె అడుగున తానే సర్దుతుంది.

నిన్న ప్రయాణమైన అక్క కొడుకు అన్వర్ ఆ పొట్లం తీసి ఆమె చేతిలోనే పెట్టాడు. "ఇందులో గసాలున్నాయిగా పిన్నీ. అక్కడ గసాలు కూడా మత్తుమందు కిందే లెక్క. దొరికితే జైలే."

రసూల్‌బీ ఇన్నేళ్ళూ వీధి వీధినంతా ఆ పొట్లంతోనే విమానం ఎక్కించింది. పట్టిన చెమటని కారం చేత్తోనే తుడుచుకుంది. మండుతున్న కళ్ళని కొంగుతో ఒత్తుకుంటూ అడిగింది.

"అయితే అక్కడ మాంసం గసాల్లేకుండానే వండుకుంటారా?"

"అవును పిన్నీ."

"మరి వాళ్ళకి వేరే జైలెందుకురా?"