బర్నర్‌కు వేసిన దండ

నిరుడు దసరా సెలవులు అయిన మరునాడు చందాపుర దగ్గర ఒక అద్దకం ఫ్యాక్టరీ నుంచి ఫోన్. బాయిలర్ వెలుగుతుంది, లోపల టప్‌మంటుంది, వెంటనే ఆగిపోతుంది. గ్యాస్ బర్నర్లు బాగుచేయడం నా పని. "నేనొచ్చేదాకా మళ్లీ స్టార్ట్ చేయొద్దు" అని చెప్పి బండెక్కాను.

గేటు దగ్గరే మేనేజర్ అందుకున్నాడు. "ఆపరేటర్ మునియప్ప గ్యాస్ వాల్వ్ తిప్పినాడు మేడం. మీరు అవునంటే ఈ రోజే ఇంటికి పంపిస్తా."

నాకు ఒళ్లు మండింది. ఇంకా మూతే తీయలేదు, అప్పుడే తీర్పా!

బాయిలర్ రూమ్‌లో మునియప్ప మొహంలో నెత్తురు చుక్క లేదు. "నేను ముట్టనే లేదక్కా. వాల్వుకు సీలుండాది, చూడండి." నిజమే, సీల్ చెక్కుచెదరలేదు.

అది ప్రీమిక్స్ బర్నర్. అంటే గాలీ గ్యాసూ ముందే కలిసి వస్తాయి. ఆ మిశ్రమం ఎక్కడుంటే అక్కడికి మంట పాకగలదు, వెనక్కి కూడా. దాన్ని ఆపేది ఎదురొచ్చే ప్రవాహమే. ఆ వేగం మంట పాకే వేగం కన్నా తగ్గిందా, మంట బర్నర్ లోపలికే దూరుతుంది. దాన్ని ఫ్లాష్‌బ్యాక్ అంటాం. టప్‌మన్నది అదే. మొండిగా వెలిగిస్తూ పోతే ఎవరి మొహమో కాలేది.

ప్రవాహం ఎందుకు తగ్గిందా అని ఫ్యాన్ వెనక్కి వెళ్లాను. గాలి పీల్చే జాలీ నిండా వాడిన బంతిపూలు. ఆయుధపూజ దండ! ఫ్యాన్ దాన్ని లాగి జాలీకి అతికించుకుంది. గాలి తగ్గింది. గాలిని బట్టే గ్యాస్ వదిలే బర్నర్ కాబట్టి గ్యాసూ తగ్గింది.

"ఎవడు కట్టినాడు?" మేనేజర్ అరిచాడు.

మునియప్ప కావాలంటే నోరు మూసుకుని ఉండొచ్చు, కానీ ఉండలేదు. "నేనే సార్. అన్నం పెట్టే మెషిన్ కదా అని పెద్ద దండ తెచ్చి కట్టినా."

అయ్యో, అయిపోయాడు అనుకున్నాను. ఊరుకోలేక అడిగాను. "హారతి ఇచ్చింది ఎవరు సార్?"

"నేనే."

"అప్పుడు దండ కనపడలేదా?"

ఆయన నెత్తి గోక్కున్నాడు. "కనపడింది. బాగుండాదని ఫోటో కూడా తీసుకుంటి." మునియప్ప వైపు తిరిగాడు. "పో అప్పా, జాలీ కడుగు పో."

మునియప్ప కళ్లు తుడుచుకుంటూ బ్రష్ కోసం పరిగెత్తాడు. మధ్యాహ్నానికి మంట నీలంగా, నిలకడగా మండింది.

ఇప్పుడు ఏ బాయిలర్ రూమ్‌కు వెళ్లినా "ఎవరు ముట్టుకున్నారు?" అని అడగను. అలా అడిగితే అందరూ చేతులు దాచుకుంటారు. "ఈ మధ్య దీనికి ఏం సేవ చేసినారప్పా?" అంటాను. సంతోషంగా అన్నీ చెప్పేస్తారు.