శాంతవల్లికి పెట్టిన గంజి

మొన్నటి నుంచి మా వీధిలో నాకో కొత్త పేరు. అదేంటో చివర్లో చెబుతాను. ముందే చెబితే మీరు టీ ఒలకబోసుకుంటారు.

మా అమ్మాయి పద్మజ ఇంటర్ బైపీసీ. కాలేజీలో ఎగ్జిబిషన్. వాళ్ళ బోటనీ మేడం చిత్రమైన పని పెట్టింది. సముద్రం పైకొచ్చి మన నరసాపురం మునిగిపోయిందట. మనుషులెవరూ లేరట. లక్షల ఏళ్ళు గడిచాయట. అప్పుడిక్కడ ఏ మొక్క ఉంటుందో ఊహించి తయారు చెయ్యాలి.

"కొబ్బరి చెట్టు పెట్టెయ్యవే" అన్నాను.

"అది మిగలదమ్మా. గుర్రపుడెక్క మిగులుతుంది."

నిజమే. మన కాలవల్లో ఎంత తీయించినా పోయిందా అది? ఆ గుర్రపుడెక్కకి మునిమనవరాలిని పుట్టించింది మా పిల్ల. ఉప్పునీళ్ళలో పొడుగు కాళ్ళ మీద నిలబడుతుంది. ఆకులు వలల్లా ఉంటాయి. మంచు బొట్లు ఆ వలలో పట్టి, ఆ నీళ్ళే తాగుతుంది.

బాగుంది కదా! నాకూ బాగుంది. ఆ వల ఆకులు ఎవరు అల్లాలి అన్న దగ్గరే వచ్చింది తంటా.

మా ఊళ్ళో ఆడదానికి లేసు రాదంటే ఎవరూ నమ్మరు. నాకు రాదు. నా చేతిలో దారం చిక్కు మాత్రమే పడుతుంది. పక్క వాటాలో ఉండే మా తోటికోడలు శాంత అల్లితే కళ్ళకద్దుకోవాలి. ఇంకేముంది, కాలేజీ నుంచి రాగానే "పిన్నీ!" టిఫినూ అక్కడే. నవ్వులు గోడ దాటి వచ్చేవి. ఇవతల నేను మినప్పప్పు రుబ్బేదాన్ని. ఆ వారం మా ఇంట్లో గారెలు దూదిలా వచ్చాయి. ఊరికే వచ్చాయా!

ఓ రోజు పద్మజ మొక్కకి పేరు కూడా పెట్టేసింది. శాంతవల్లి!

"కన్నదాని పేరు రత్నం. గుర్తుందా?" అన్నాను.

"రత్నవల్లి అంటే నగల కొట్టులా ఉంటుందమ్మా!"

శాంత నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. చూశాను.

ఎగ్జిబిషన్ ముందు రోజు ఆకులన్నీ అయ్యాయి. పచ్చరంగు వేసి మా బల్ల మీద పెట్టింది. కాడకి కుట్టడమే తరువాయి. "గింజ ఎలా మొలుస్తుందో ఇంకా తేలలేదు పిన్నీ, జడ్జిగారు అడుగుతారేమో" అనుకుంటూ ఇద్దరూ చార్టు కొనడానికి బజారుకెళ్ళారు.

ఆకుల్ని చూశాను. వడిలిన తోటకూరలా వేలాడుతున్నాయి. ఎన్ని లక్షల ఏళ్ళ తర్వాతైతే మాత్రం, ఆకన్నాక నిలబడొద్దూ? లేసు రాకపోతేనేం, గంజి పెట్టడంలో నన్ను మించినవాళ్ళు లేరు. మా ఆయన పంచె గోడకి ఆనిస్తే నిలబడుతుంది. చిక్కటి గంజిలో ఆకులు ముంచి, పెరట్లో దండెం మీద ఆరేశాను. శాంతకి తట్టలేదు చూశారా! ఆ గర్వంతో లోపలికెళ్ళి టీ పెట్టుకున్నాను.

మరిచిపోయింది ఒక్కటే. రోజూ ఆ గంజిని కుడితిలో కలిపి గేదెకి పెట్టేది నేనే. దండెం రెండో కొస కట్టింది దాని పాక గుంజకే.

వచ్చేసరికి దండెం ఖాళీ! గేదె నోట్లోంచి పచ్చటి లేసు వేలాడుతోంది. నన్ను చూసి తలూపింది, ఇవాళ కుడితి బాగా కుదిరిందన్నట్టు. లాగాను. అదీ లాగింది. నాకు దక్కింది సగం ఆకు.

అప్పుడే వాళ్ళు వచ్చారు.

"అక్కా, ముందు చెయ్యి కడుక్కోండి. అంతా జొల్లు" అంది శాంత.

పద్మజ నా చేతిలోంచి ఆ సగం ఆకు తీసుకుంది. తర్వాత మెల్లిగా, "కావాలనే చేశావా అమ్మా?" అంది.

"కాదే తల్లీ!" అన్నాను. వెనకాల గేదె తేన్చింది.

పశువుల డాక్టరుగారు వచ్చి, "సూది లేదు కదండీ? దారమే కదా, ఆముదం పట్టండి" అని వెళ్ళారు. గేదెకి ఏమీ కాలేదు. నాకే అన్నం దిగలేదు.

మర్నాడు కాలేజీకి వెళ్ళి జనం వెనకాల నిలబడ్డాను. కాడకి ఆ సగం ఆకు ఒక్కటే. అప్పడంలా నిలబడింది. గంజి మాత్రం బ్రహ్మాండంగా పట్టింది!

"ఆకు సగమే ఉందేంటమ్మా?" అన్నారు జడ్జిగారు.

"దీన్ని తినే జంతువు ఉందండి" అంది మా పిల్ల తడుముకోకుండా. "గింజలు ఆకులోనే ఉంటాయండి. ఆ జంతువు తిని పేడ వేస్తేనే మొలుస్తాయి. అది లేకపోతే ఈ మొక్క జాతే ఉండదండి."

చార్టు మీద జంతువు బొమ్మ. ఆరు కాళ్ళు, గేదె మొహం, బాగా ఒళ్ళు. కింద పెద్ద అక్షరాలతో పేరు. రత్నమహిషం.

"రత్నం ఎవరు?"

"మా అమ్మండి. అదిగో, వెనకాల ఉంది."

అందరూ తిరిగారు. మొదటి బహుమతి పద్మజకే వచ్చింది. పేరు నాకు వచ్చింది. శాంత కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది, ఇప్పటికీ నవ్వుతోంది.

నవ్వనివ్వండి. మొక్కకి తన పేరే, కాదనను. కానీ ఆ లోకంలో శాంత మొలవాలంటే ఈ రత్నం పేడ వెయ్యాల్సిందే!