దుర్గ తప్పిపోయిన పాట

గూడూరులో రైలుకట్ట పక్కన మైక్‌సెట్లు అద్దెకిచ్చే సిలార్‌కు ఒకే ఒక్క కోరిక, ఓ పాట చివర వినాలని. దాన్ని చెరిపేసింది తనే కావడంతో, ఎవర్ని తిట్టాలో తెలియక ఇరవై ఆరేళ్లుగా తనను తానే తిట్టుకుంటున్నాడు.

అప్పట్లో బిట్రగుంట రైల్వే కాలనీలో రిటైరయిన డ్రైవరు ఒకాయన, ఊరు వదిలి పోతూ పాత యాంప్లిఫయరుతో పాటు సంచెడు క్యాసెట్లు సిలార్ చేతిలో పెట్టాడు. ఆ వారమే నెల్లూరు రొట్టెల పండుగ. తప్పిపోయిన వాళ్ల గురించి చెప్పే పందిట్లో మైకు సిలార్‌దే. మధ్యాహ్నం జనం కాస్త పలచబడగానే, ఎవరో ఇంట్లో రికార్డు చేసుకున్న, పేరు రాయని క్యాసెట్ ఒకటి డెక్కులో పెట్టి, హెడ్‌ఫోన్ తగిలించుకున్నాడు.

ఏదో ఇంగ్లీషు కచేరీ. జనం కేకలు. ఇసుక మీద ఈడ్చుకుపోతున్న పడవలా ఒక గొంతు గరగరలాడుతోంది. కాసేపటికి ఆ గొంతు ఆగి గిటారు ఒక్కటే మిగిలింది. అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతూ, అడిగిన ప్రతిసారీ ఒక మెట్టు పైకెక్కుతోంది. సిలార్ వెన్ను నిటారయింది. ఇక జవాబు వచ్చేస్తుందనగా ఒకామె అతని భుజం పట్టి కుదిపింది.

"అన్నా, ఈ బిడ్డ తప్పిపోయి ఏడస్తా ఉండాది. బిరీన మైకులో చెప్పన్నా!"

గొంతు పోకుండా ఒకసారి రికార్డు చేసి, దాన్నే తిప్పి తిప్పి వేయడం మైక్‌సెట్ వాళ్ల పద్ధతి. బిడ్డ ఏడుపుకు కంగారుపడి, డెక్కులో ఉన్న క్యాసెట్ మీదే రికార్డు చేసే ఎర్ర మీట నొక్కేశాడు.

"పచ్చ గౌను. ఒక కాలికే పట్టీ. పేరు దుర్గ అంటా ఉండాది. అమ్మ పేరు అడిగితే అమ్మ అంటా ఉండాది. ఈ బిడ్డ తాలూకు వాళ్లు యాడున్నా పందిటి కాడికి రావాల."

ఇలా వరసగా పదిసార్లు చెప్పి, మూడు నిమిషాలు రికార్డు చేశాడు.

దుర్గకు అమ్మ దొరికింది. పాట పోయింది. క్యాసెట్లో ఆ ప్రకటన అయిపోగానే జనం ఒక్కసారిగా ఈలలు, చప్పట్లు.

"నీ ప్రకటనకి దొరలు గూడా చప్పట్లు కొడతా ఉండారే!" అని భార్య సుల్తాన్‌బీ విన్నప్పుడల్లా ఎగతాళి. సిలార్‌కు అవే చప్పట్లు గొంతులో ముల్లు. అంతమంది అంతగా పొంగిపోవడానికి ఆ మూడు నిమిషాల్లో ఏం జరిగింది?

పాడిందెవరో కూడా తెలియదు. చెన్నైలో క్యాసెట్ల దుకాణాల వాళ్లు విని, మధ్యలో దుర్గ రాగానే నవ్వి తిరిగిచ్చేశారు. ఫోన్లో పాటల పేర్లు కనిపెట్టే యాప్ తెల్లమొహం వేసింది. చివరికి పోయినేడు, డిగ్రీ చదివే కూతురు గుల్నాజ్ వేరే దారి పట్టింది. కచేరీ మధ్యలో పాడేవాడు తన డ్రమ్మరు పేరు చెబుతాడు. ఆ పేరు పట్టుకుని వెతికింది.

"దొరికినాడు నాయనా! వెస్లీ క్రాండల్ అంట. డెబ్బై ఒక్క ఆల్బమ్‌లు చేసినాడంట."

"డెబ్బై ఒకటా? మనిషా, గుడ్లు పెట్టే చేపా?"

మొదటిదాని నుంచి మొదలుపెట్టాడు. వైర్లు చుడుతూ, బాక్సులు తుడుస్తూ నెలల తరబడి విన్నాడు. నలభై నాలుగోదాంట్లో ఆ పాట దొరికింది. తీరా గిటారు మెట్లెక్కాల్సిన చోట, ఎవరో వాల్యూమ్ తగ్గించేసినట్టు సన్నగిల్లి ఆగిపోయింది. తర్వాత అదే పాట వేరే కచేరీల్లో పాడినవి పదకొండు దొరికాయి. పదకొండూ పదకొండు రకాలు.

"ఒకసారి వాయించింది ఇంకోసారి వాయించి చావడే!" అని సిలార్ హెడ్‌ఫోన్ విసిరికొట్టాడు.

నిన్న మధ్యాహ్నం గుల్నాజ్ పరుగెత్తుకొచ్చింది. "మన క్యాసెట్లో కచేరీనే నాయనా. ఎవరో నెట్లో మొత్తం పెట్టినారు!"

సిలార్ పెద్ద బాక్సులు రెండూ బయటికి తీశాడు. గుల్నాజ్ ఫోను తగిలించింది. అదే గొంతు. అదే గిటారు. ఒక మెట్టు, ఇంకో మెట్టు. ఆనాటిలాగే అతని వెన్ను నిటారయింది.

పచ్చ గౌను.

సిలార్ ఉలిక్కిపడ్డాడు. ఎవరూ మాట్లాడలేదు. బాక్సుల్లో గిటారే మోగుతోంది. ఒక కాలికే పట్టీ. తల విదిలించాడు, కళ్లు మూసుకున్నాడు. గిటారు ఎటో వెళ్లిపోతోంది, పట్టుకోలేకపోతున్నాడు. అంతలోనే చప్పట్లు.

"వెనక్కి పెట్టమ్మా," అన్నాడు.

రెండోసారి అతని పెదాలు వాటంతటవే కదిలాయి. మూడోసారి సుల్తాన్‌బీ టీ తెచ్చి గడపలో నిలబడి, సరిగ్గా సమయానికి, "అమ్మ పేరు అడిగితే అమ్మ అంటా ఉండాది," అంది.

"నోరు ముయ్యవే!" అని అరిచి, కూతురి వైపు తిరిగాడు. "నువ్వైనా చెప్పమ్మా. ఏం వాయించినాడు?"

గుల్నాజ్ తల వంచుకుంది. "నాకూ దుర్గే వినపడినాది నాయనా. పుట్టినకాడి నుంచి వింటా ఉంటినే."

సిలార్ బయటికెళ్లి, పక్కనే తన కొట్లో నిమ్మకాయలు ఏరుకుంటున్న పద్మనాభయ్యను చెయ్యి పట్టి లాక్కొచ్చి కూర్చోబెట్టాడు. ఆయన అక్కడ కొట్టు తీసి రెండేళ్లే అయింది, దుర్గ సంగతి తెలియదు. చేతులు కట్టుకుని మొత్తం విన్నాడు.

"ఎట్టా ఉండాదన్నా?" సిలార్ అడిగాడు.

పద్మనాభయ్య ఆలోచించాడు. "బాగనే ఉండాది," అన్నాడు. "ఊరికే అంతమంది అరస్తా ఉండారెందుకు?"