సింహాచలం గారి పేరున్న వరుస

మా కంపెనీ రుషికొండకి మారినప్పుడు మోసుకొచ్చిన పాత సామానులోంచి ఇవాళ ఒక కీబోర్డు బయటపడింది. తడిగుడ్డతో తుడిస్తే గుడ్డ నల్లబడిపోయింది. పోర్టు పక్కనున్న పాత ఆఫీసులో కిటికీలు ఎంత బిగించినా బొగ్గుదుమ్ము దూరేది. ఆ దుమ్ము తడిసిన వాసన ముక్కుకి తగలగానే సింహాచలం గారు గుర్తొచ్చారు. ఆయన పోయి ఏడాది కావస్తోంది. మా ప్రోగ్రామ్ చరిత్రలో ఒక పెద్ద తప్పు పక్కన ఇప్పటికీ ఆయన పేరే ఉంది. ఆ తప్పు చేసింది నేను.

చదువు పూర్తవగానే పెందుర్తి నుంచి వచ్చి ఆ ఉద్యోగంలో చేరాను. పోర్టులోకి వచ్చే లారీలు ఏ యార్డుకి వెళ్లాలో చెప్పే ప్రోగ్రామ్ రాసేవాళ్లం, మొత్తం ఆరుగురం. సింహాచలం గారిది సముద్రం మీద వేటకెళ్లే కుటుంబం. పడవెక్కితే వాంతులు, అందుకే కంప్యూటరెక్కానని తన మీద తనే జోకు వేసుకునేవారు. మొదటిరోజు సార్ అని పిలిస్తే ఒప్పుకోలేదు. "సారేటి తల్లీ, బాబాయ్ అను. సారంటే ఆ గదిలో కూకున్న ఓనరు" అన్నారు.

నా కంప్యూటర్లో ఒకే ప్రోగ్రామ్‌కి ఐదు కాపీలు చూసి, "ఇందులో పనిసేసేదేటి?" అని అడిగారు. "చివరిది అనుకుంటాను బాబాయ్" అన్నాను. "అనుకుంటావా!" అని నెత్తి కొట్టుకుని, ఆ మధ్యాహ్నమే కోడ్ దాచుకునే సైట్‌లో నాకో ఖాతా తెరిపించారు. మార్పు చేసిన ప్రతిసారీ ఎందుకు చేశామో ఒక వాక్యం రాసి అక్కడికి పంపాలి. పేరు, సమయం వాటంతట అవే పడి, ఒక్కో మార్పూ ఒక్కో వరుసగా చేరుతుంది, కొత్తది పైన. కావాలంటే ఏ పాత మార్పు దగ్గరికైనా వెనక్కి వెళ్లొచ్చు. నేను మొదటిసారి "మార్పులు చేశాను" అని రాస్తే చెరిపేయించారు.

"ఏటి మార్సేవో కోడే సెప్తాది. ఎందుకు మార్సేవో నువ్వే సెప్పాలి. మా అయ్య వల సిరిగితే ఎక్కడని సూసేవోడు కాదు, ఎందుకు సిరిగిందని సూసేవోడు."

చాదస్తం అనుకున్నాను. అయినా రాశాను.

మూడో నెలలో మా సహోద్యోగి ఒకతను ఉద్యోగం మానేశాడు. నా కంప్యూటర్ పాడవడంతో అతని ల్యాప్‌టాప్ నాకివ్వాలని అందులో ఉన్నదంతా తుడిచేశారు. అది నా చేతికొచ్చేదాకా సింహాచలం గారి సీట్లో, ఆయన పేరుతో తెరిచి ఉన్న కంప్యూటర్ మీదే పని చేసుకోమని ఆయనే అన్నారు. ఓనరు ఊళ్లో లేని ఒక రోజు ఆయన తన తల్లిని కంటి ఆసుపత్రికి తీసుకెళ్లారు. నా మార్పు పంపబోతే సైట్ తీసుకోలేదు. నీ దగ్గర లేని మార్పులు ఇక్కడున్నాయి, ముందు అవి తెచ్చుకో అంది. ఆ మాట సరిగ్గా చదివుంటే సరిపోయేది. నేను మాత్రం ఇంటర్నెట్‌లో వెతికి, బలవంతంగా పంపే ఆదేశం ఒకటి పట్టుకుని టైపు చేశాను. వెళ్లిపోయింది. సంతోషంగా వెళ్లి టీ తాగాను.

అలా పంపితే సైట్‌లో ఉన్న మార్పులు వెనక్కి వెళ్లే వీల్లేకుండా చెరిగిపోయి నా కాపీయే మిగులుతుందట. మానేసిన అతని నెలరోజుల పని నా దెబ్బకి తుడిచిపెట్టుకుపోయింది. అది సైట్‌లో తప్ప ఇంకెక్కడా లేదు. ఇంకో కాపీ ఉండాల్సిన ల్యాప్‌టాప్‌ని నాకోసమే ఖాళీ చేశారు.

మర్నాడు ఓనరు స్క్రీన్ మావైపు తిప్పి, "సింహాచలం, ఏంటిది?" అన్నాడు. ఆయన తన పేరు పక్కనున్న సమయం చూశారు. ఆ సమయంలో తాను ఆసుపత్రిలో ఉన్నానని ఆయనకి తెలుసు. నావైపు ఒక్కసారి చూశారు. నేను చూపు కీబోర్డు మీదికి దించుకున్నాను.

"నా పేరే ఉంది కదా సార్" అన్నారు.

సోమవారం నుంచి రావద్దన్నారు ఆయన్ని. మెట్ల దగ్గర ఆపి, "నేను చెప్పేస్తాను బాబాయ్" అన్నాను.

"సెప్పితే నిన్నూ పంపేత్తాడు. నా పేరుతో తెరిసి ఒగ్గేసింది నానే కదా. గాబరా పడకు, పని నేర్సుకో" అని దిగి వెళ్లిపోయారు.

ఆయన వద్దన్నా నేను చెప్పొచ్చు. ఎవరూ నా నోరు నొక్కలేదు. ఆయన ఆ మాట అనగానే నా గుండె తేలికపడింది, అదే నిజం. ఆ తేలికని తలచుకుంటే ఇప్పటికీ నామీద నాకే అసహ్యం వేస్తుంది.

రెండేళ్ల తర్వాత ఫిషింగ్ హార్బర్‌లో కనిపించారు. ఐసు ఫ్యాక్టరీ దగ్గర కుర్చీ వేసుకుని, ఏ పడవకి ఎన్ని దిమ్మలో చీటీలు రాస్తున్నారు. వేళ్లు తెల్లగా నానిపోయి ఉన్నాయి. మళ్లీ కంప్యూటర్ పని దొరకలేదా అని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

"ఎందుకో రాత్తన్నావా తల్లీ?" అని ఆయనే అడిగారు.

"రాస్తున్నాను బాబాయ్."

"అదీ!" అని నవ్వారు. అప్పుడూ చెప్పలేదు, ఓనరుకి అసలు సంగతి ఇంకా తెలియదని. ఆయనా అడగలేదు. పోయినేడు గుండె ఆగి పోయారని నాకు పదిహేను రోజుల తర్వాత తెలిసింది.

ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లకి నేనే నేర్పుతున్నాను. ఏం మార్చారో కోడే చెబుతుంది, ఎందుకు మార్చారో మీరే చెప్పాలి అంటాను. ఎవరి మాటో మాత్రం చెప్పను. బాగా చెప్పారు మేడమ్ అంటారు వాళ్లు.

ఇవాళ కీబోర్డు తుడవడం ఆపి, ఆ పాత ప్రోగ్రామ్ తెరిచాను. దానికో చిన్న ఫైలు చేర్చి, ఆ రోజు బలవంతంగా పంపింది నేను, సింహాచలం గారు కాదు అని రాసి, కింద నా పేరు పెట్టాను. పంపబోతే, ఎందుకో రాయమని ఎప్పటిలాగే ఖాళీ గడి వచ్చింది. రెండుసార్లు రాసి చెరిపేశాను. చివరికి "అప్పుడు భయపడ్డాను" అని రాసి పంపాను.

ఈసారి సైట్ వద్దనలేదు. నా వరుస అన్నిటికంటే పైన చేరింది. వేళ్ల నలుపు అంటిన మౌస్‌తో కిందికి, ఇంకా కిందికి వెళ్లి చూశాను. ఆయన పేరు అక్కడే ఉంది.