జ్ఞానమ్మ చెప్పిన ఆమోసు కథ

చోడవరం పేటలో జ్ఞానమ్మ గొంతు విప్పిందంటే వడ్డాది సంతలో ఉన్నవాళ్లు కూడా ఇటు తిరిగి చూస్తారని వేళాకోళం చేసేవారు. చేస్తే చేశారు గానీ, ఆ గొంతు లేనిదే గణపతిరావు నాయుడి పొలంలో ఊడ్పులు సాగేవి కాదు. ఆవిడ బైబిలు కథ అందుకునేది. యోనా చేప కడుపులో పడ్డాడంటే చాలు, పేట క్రైస్తవులేమిటి, మరిడమ్మకు మొక్కుకునే పైడితల్లి కూడా నడుంనొప్పి మరిచిపోయి నాటేది. పని చకచకా తెమిలిపోతుంటే నాయుడు గట్టు మీద నుంచుని మురిసిపోయేవాడు. కథలంటే ఆయనకంత ప్రేమ మరి!

నాయుడింట్లో కుంచాలు రెండు. కౌలుగింజలు తీసుకోవడానికి పెద్దది, కూలిగింజలు కొలవడానికి చిన్నది. ఈ సంగతి పసిపిల్లలకూ తెలుసు. అయినా కళ్లంలో ఒకటి అనడానికి బదులు "లాభం" అని మొదలెట్టి చిన్న కుంచంతో పోస్తుంటే ఆడవాళ్లు తలొంచుకుని కొంగు పట్టేవారు. ఏం చేస్తారు? వరీ ఆయనదే, చెరకూ ఆయనదే. జ్ఞానమ్మా పట్టింది, ఏళ్ల తరబడి. పట్టినప్పుడల్లా కడుపు రగిలిపోయేది.

ఆవిడ తండ్రి కె.కోటపాడులో పశువులు కాసేవాడు. ఆమోసు ప్రవక్త కథంటే ఆయనకు పంచప్రాణాలు, తనలాంటి కాపరి కథ కదా. ఆ ఒక్క కథ మాత్రం జ్ఞానమ్మ పొలంలో ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తితే ఏమవుతుందో ఆవిడకు తెలుసు.

పంతొమ్మిది వందల యాభై నాలుగులో ఎప్పటిలాగే కోతల పండగ వచ్చింది. తొలిపంట తెచ్చి దేవుడి ముందు పెట్టే రోజు. పేట క్రైస్తవుల గుడికి స్థలమిచ్చినవాడు కనుక నాయుడికి ఏటా ముందు కుర్చీ, మెడలో బంతిపూల దండ. "యోనా కథ చెప్పమ్మా, నాయుడుగారు నవ్వుతారు" అన్నారు పాస్టరు దేవకుమార్ అయ్యగారు. మొగుడు శాంతిరాజైతే బతిమాలాడు. "ఒసే, రేపే కూలి కొలత. ఆ గింజలు రాకపోతే పొయ్యెలగదు. నోరు జాగర్త!"

జ్ఞానమ్మ లేచి నుంచుంది. దండ వేసుకుని కులాసాగా కూర్చున్న ఆ మనిషిని చూడగానే ఒళ్లు మండిపోయింది. యోనా గీనా అన్నీ మరిచిపోయింది.

"ఆమోసు మనలాటోడే. గొడ్లు కాసుకుని, మేడిపళ్లు ఏరుకుని బతికేవోడు. ఒరే ఆమోసూ, ఆ పెద్దోళ్ల కాడికెల్లి సెప్పరా అన్నాడు దేవుడు. ఏటని? మీ పాటలు నాకొద్దు, మీ పండగలు నాకొద్దు. కొలత తగ్గించి పేదోడి నోటికాడ కూడు లాగేసుకుంటన్నారు, ముందది మానండి అని!"

అయ్యగారు గాబరాగా లేచారు. "ఆపమ్మా! ఇది నాయుడుగారిచ్చిన స్థలం. ఆ మాటలిక్కడ కూడదు. కావాలంటే మీ కోటపాడు పోయి చెప్పుకో."

జ్ఞానమ్మ పకపకా నవ్వింది. "తమరు మరీ తొందరపడిపోయేరు అయ్యగారూ! అక్కడి పూజారీ ఆమోసుతో అచ్చం ఇదే మాటన్నాడండి. ఇది రాజుగారి గుడి, మీ ఊరు పోయి సెప్పుకో అని. నానింకా అక్కడిదాకా రానేలేదు!"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నాయుడు దండ తీసి కుర్చీలో పడేసి వెళ్లిపోయాడు.

రాత్రికే ఆ కథ పేటంతా పాకింది. మర్నాడు కళ్లంలో పాలేరు పరదేశి "లాభం" అంటూ చిన్న కుంచం ఎత్తాడు. ముందున్న పైడితల్లి కొంగు చాపలేదు, బొడ్లో దోపుకుంది.

"ఆ రెండోది తియ్యరా" అంది.

వెనకున్న ఆడవాళ్లందరూ కొంగులు దోపుకున్నారు. పైన మబ్బు పట్టి ఉంది. కోసిన పనలు ఇంకా చేలోనే ఉన్నాయి. వీళ్లు అలిగి ఇంటికి పోతే పంటంతా నానిపోతుంది. నాయుడు పళ్లు నూరి, చివరికి పెద్ద కుంచం తెమ్మన్నాడు.

"అందరికీ దాంతోనే పొయ్యరా పరదేశీ. ఈ జ్ఞానమ్మకి ఒక్క గింజ పోసేవంటే నీ పని పడతాను. పోవే, మళ్లీ నా పొలంలో అడుగెట్టకు!"

భయం వెయ్యలేదా అంటే వేసింది. ఇంట్లో ఖాళీ కుండ కళ్ల ముందు మెదిలింది. అయినా ఆవిడ కదల్లేదు.

"గింజలు మీవి బాబూ, ఉంచుకోండి. నోరు నాది."

నడుమ్మీద చెయ్యేసుకుని ఆడవాళ్ల వైపు తిరిగింది.

"నిన్న అయ్యగారు ఆపేసేరు గదా, ఇనండర్రా. పూజారి పొమ్మంటే ఆమోసు ఏటన్నాడో తెలుసా? నానేటి నీ జీతగాడినా, నువ్వు పొమ్మంటే పోడానికి?"