హ్యాండిలు లేని రెండు సీట్ల బండి

పాత కారు కొనదలచినవాడు ముందుగా చూసుకోవలసింది ఇంజను కాదు, తన ఇంటి ముందు వీధి ఎటు వాలుతుందో అది. టైర్లు, బ్రేకులు, రంగు తర్వాత చూసుకోవచ్చు. వీధి చదునుగా ఉంటే ఆ బేరం వదులుకోవడమే మంచిది. ఈ జ్ఞానం నాకు పుస్తకాల్లో దొరకలేదు. మా బావ పుణ్యమా అని సూర్యాపేటలో కొన్ని నెలల పాటు భుజాలు కాయలు కాచేలా తోసి సంపాదించుకున్నాను.

మా బావ, అంటే అక్క భర్త, ఎడ్ల మనిషి. ఆయనకు ఒక జత తెల్ల ఎడ్లు, పైన గూడు కట్టిన కచ్చడం బండి ఉండేవి. సూర్యాపేట నుంచి కోదాడ దాకా, ఇటు మిర్యాలగూడ దాకా కిరాయికి తోలేవాడు. పెళ్లికూతుళ్లు, కచేరీకి పోయే వకీళ్లు, దవాఖానకు పోయే ముసలివాళ్లు అందరూ అందులోనే పోయేవారు. అంగట్లో ఎద్దును కొనాలంటే నలుగురూ ఆయన్ను వెంట తీసుకుపోయేవారు. ఎద్దు నోరు తెరవకముందే దాని వయసు చెప్పగలడని పేరు. ఒకసారి అలాంటి పేరు వచ్చాక, నాకు తెలియదు అని చెప్పడం మనిషికి చాలా కష్టం. అదే మా కొంప ముంచింది.

అది రాజ్యం మారిన మరుసటి ఏడు. ఊళ్లలో గడబిడకు జడిసి దొరలు అప్పటికే పట్నం చేరారు. కోటల్లాంటి వాళ్ల గడీల్లో సామాను ఒక్కొక్కటే బయటికొచ్చి అమ్ముడుపోతోంది. మంచాలయ్యాయి, గోడ గడియారాలయ్యాయి. ఆ వరసలోనే సూర్యాపేటకు దగ్గర్లో ఒక గడీ నుంచి, దొర చిన్నకొడుకు ఇంగ్లండు సీమ నుంచి తెప్పించుకున్న కారు అమ్మకానికి వచ్చింది. పందేల బండి అన్నారు. పొడుగాటి ముక్కు, టాపు లేని ఒళ్లు, రెండే రెండు సీట్లు. ఒకప్పుడు ఎర్రగా ఉండేదట. మేం చూసేనాటికి పాత ఇటుక రంగుకు దిగింది. కోళ్లు అందులో గుడ్లు పెట్టి పొదిగిపోయిన ఆనవాళ్లు కూడా ఉన్నాయి.

"ఎడ్ల కాలం ఖతమయింది. ఇగ మోటరు కాలం. జర నాతోని రా, ఇంగ్లీషు కాయితం ఉంటదట, సదువుదువు" అన్నాడు బావ.

నాకప్పుడు ఇరవై రెండేళ్లు. మెట్రిక్ రెండుసార్లు తప్పి, మూడోసారికి సిద్ధమవుతున్నానని చెప్పి అక్క ఇంట్లో తిని కూర్చుంటున్నాను. కాగితం చదవడానికి నాకంటే తీరిక ఉన్నవాడు ఆ వీధిలో లేడు.

బావ ఆ కారు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. ముందు చక్రాల దగ్గర గొంతుక్కూర్చుని, ఎద్దు కాళ్లు చూసినట్టు చూశాడు. వీపు తట్టాడు. సుడులు వెతికాడో ఏమో, వంగి కడుపు కింద కూడా చూశాడు. "జాతి మంచిదే" అన్నాడు చివరికి. ఇంజను గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. అడిగితే తెలియదని బయటపడుతుంది కదా. నేనూ ఏం తక్కువ తినలేదు. కాగితంలో ఇంగ్లండు అన్న మాట తప్ప ఒక్క ముక్క అర్థం కాకపోయినా, "అన్నీ సరిగనే ఉన్నయి బావా" అన్నాను.

నలుగురు జీతగాళ్లు తోస్తే బండి దడదడమని లేచింది. బ్యాటరీ చచ్చి చాలా రోజులైందట. ముక్కు కింది బెజ్జంలో ఇనప హ్యాండిలు పెట్టి తిప్పితే చాలట, తోయడం కూడా అక్కర్లేదట. గడీ గుమాస్తా చెప్పిన ధర, ఎడ్లనూ కచ్చడాన్నీ అమ్మితే వచ్చేదానికి సరిగ్గా సరిపోయింది.

"హ్యాండిలేది?" అన్నాను.

గుమాస్తా బక్కపలచటి ముసలాయన. గోడకు వేలాడుతున్న హ్యాండిలు వైపు ఒకసారి చూసి చేతులు జోడించాడు. "అది ఇయ్య నాయినా. గొడ్డునమ్మినోడు పలుపు ఇస్తడా? గడీల అన్ని పోతున్నయి. గదొక్కటన్న ఇంట్ల ఉండనీయి."

మా వైపు పశువును అమ్మినవాడు దాని మెడలో పలుపు విప్పి దగ్గర పెట్టుకుంటాడు. పలుపుతో పాటు ఇంటి లక్ష్మి వెళ్లిపోతుందని నమ్మకం. కొన్నవాడే కొత్త పలుపు వెంట తెచ్చుకోవాలి. పలుపు ఇమ్మని అడగడం ఎదుటివాడి ఇల్లు పాడైపోవాలని కోరడమే. బావ అన్ని ఎడ్లు కొన్నా అమ్మినా ఏనాడూ ఆ తప్పు చెయ్యలేదు. ఇప్పుడు మాత్రం ఎందుకు చేస్తాడు? ఆయన కళ్లు చెమర్చాయి. "న్యాయమే" అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు దారంతా ఆ గుమాస్తాను మెచ్చుకుంటూనే ఉన్నాడు.

కొత్త పలుపు అయితే సంతలో దొరుకుతుంది. కొత్త హ్యాండిలు సూర్యాపేటలో దొరకలేదు. కమ్మరి ఒకటి చేశాడు, అది లోపల పట్టలేదు. రెండోది పట్టింది గానీ, తిప్పగానే వెనక్కి తన్ని కమ్మరి మణికట్టు వాచింది. మూడోది చెయ్యమని అడగడానికి వెళితే ఆయన భార్య వాకిట్లోంచే పంపించేసింది. ఆనాటి నుంచి ఆ బండికి హ్యాండిలు నేనే.

గడీ డ్రైవరు దగ్గర నాలుగు రోజులు తోలడం నేర్చుకుని బావ బండిని ఇంటికి తెచ్చిన రోజు అక్క వాకిట్లోకి వచ్చింది. తెల్ల ఎడ్లు కట్టేసి ఉండే చోట ఆ ఇటుక రంగు బండి నిలబడి ఉంది. దాన్ని ముక్కు నుంచి తోక దాకా చూసి ఒక్క మాటే అడిగింది.

"ఎంతమంది పడతరు?"

"ఇద్దరం" అన్నాడు బావ.

అక్క ఇంకేమీ అనకుండా లోపలికి వెళ్లింది. కోపం వచ్చిందనుకున్నాం. కోపంగా ఉన్న ఆడదాని ముందు నిలబడడం కంటే బజారు చూసి రావడం మేలని నేను తోశాను, బండి లేచింది, పరిగెత్తి రెండో సీట్లో ఎక్కాను. పొద్దుగూకే దాకా ఊరంతా తిరిగాం.

ఇక కిరాయి సంగతి. డ్రైవరు ఒక సీటు, తోసేవాడు ఒక సీటు. మూడోవాడు కూర్చోవడానికి ఆ బండిలో చోటు లేదన్న సంగతి ఇద్దరు తెలివైనవాళ్లం కలిసి వారం తర్వాత కనిపెట్టాం. ఒకసారి వకీలుగారిని నా ఒళ్లో కూర్చోబెట్టుకుని కచేరీకి తీసుకుపోయాం. ఆయన మళ్లీ పిలవలేదు.

రెండు నెలలు చూసి అక్క కోదాడలో మా నాయన ఇంటికి వెళ్లిపోయింది. అరవలేదు, ఏడవలేదు. పోతూ పోతూ, "ఆ బండి సంగతి తేల్చినంకనే వస్త" అంది. ఎడ్లు పోయిన బాధ అని అందరం అనుకున్నాం. నాయన కబురు పంపించాడు. బండి అమ్మి, ఎడ్లు కొని, కచ్చడం కట్టుకుని వస్తేనే పిల్లను పంపుతానని. బావ ఆ కబురు విని రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఆయన్ను అట్లా చూడడం నాకు నిజంగా కష్టమనిపించింది. ఎట్లాగైనా బండి అమ్మించి అక్క కాపురం నిలబెడతానని మనసులో ఒట్టు పెట్టుకున్నాను.

పాత కారు కొన్నప్పటి కంటే అమ్మేటప్పుడు దాని గురించి ఎక్కువ తెలుస్తుంది. సూర్యాపేట బజారులో ఒక వ్యాపారి చూసి, ఎన్ని మిరపకాయ బస్తాలు పడతాయన్నాడు. ఒకటి అన్నాం. "మా గాడిదకు రెండు పడతయి, దానికి పెట్రోలు అక్కర్లేదు" అని దుకాణంలోకి పోయాడు. ఇంకొకాయనకు ఎనిమిది మంది పిల్లలు. ఆయన రెండు సీట్లు చూసి, పిల్లల్ని చూసి, మమ్మల్ని చూసి నవ్వాడు. మనుషులు ఎక్కని బండికి ఎంత వేగం ఉండి ఏం లాభం? అది సీమలో ఎంత ధర పలికినా, మా దగ్గర దాని విలువ ప్రతి ఆదివారం కొంత తగ్గుతూ వచ్చింది.

మిర్యాలగూడలో ఒక వడ్ల మిల్లాయన మాత్రం వెంటనే ఒప్పుకున్నాడు. బండి చుట్టూ తిరగలేదు, సీట్లు లెక్కపెట్టలేదు. ముక్కు మీది రేకు ఎత్తి ఇంజను చూసి, "ఇది పీకి మిల్లుకు బిగిస్త. మిగిలిన ఇనుము ఏం చేస్తరో మీ ఇష్టం" అన్నాడు.

బావ మొహం మాడిపోయింది. "ఇన్నేండ్లల్ల ఒక్క ఎద్దును కటికోనికి అమ్మలె. గిప్పుడు అమ్మన్నా?" అన్నాడు.

"అమ్మొద్దు బావా" అన్నాను నేను గట్టిగా.

ఇక్కడ నిజం ఒప్పుకోవాలి. నా బాధ కటికవాడి గురించి కాదు. తిరిగి సూర్యాపేటకు బస్సులో పోవాలి, లేకపోతే నడవాలి. మూసీ వైపు నుంచి చల్లగాలి కొడుతుంటే, మోకాళ్ల మీద పెట్రోలు డబ్బా పెట్టుకుని, దారిలో పొలాల్లో కలుపు తీసేవాళ్లంతా నడుం ఎత్తి చూస్తుంటే ఆ రెండో సీట్లో కూర్చోవడం ఎట్లా ఉండేదో నాకే తెలుసు. మెట్రిక్ తప్పినవాడిని ఎవరూ అట్లా చూడరు. వచ్చిన ప్రతి బేరంలో నేను ఏదో ఒక వంక పెడుతూనే ఉన్నాను. బావ నా తెలివిని నమ్మాడు.

చివరికి మా నాయనే కోదాడలో ఒక బేరం కుదిర్చాడు. నందిగామ వైపు ఆసామి, డబ్బున్నవాడు, కొడుకు సరదా పడుతున్నాడట. ఎడ్ల జత వచ్చే ధర ఇస్తానన్నాడు. కాదనడానికి నాకు కూడా వంక దొరకలేదు. బండిని తుడిచి, కోదాడ తీసుకుపోయి, నాయన ఇంటి ముందు నిలబెట్టాం. అక్క తలుపు చాటున నిలబడి ఉంది. బావ ఆ తలుపు వైపు చూడకుండా ఉండడానికి తంటాలు పడుతున్నాడు.

ఆసామి చుట్టూ తిరిగి చూశాడు. "బండి బాగానే ఉందండి. ఏదీ, ఒకసారి స్టార్టు చెయ్యండి" అన్నాడు.

బావ స్టీరింగు ముందు కూర్చున్నాడు, నేను వెనక్కి పోయి భుజం ఆనించాను.

"రోజూ ఇట్లా తొయ్యడమేనా? హ్యాండిలు లేదాండీ?"

బావ పలుపు సంగతి వివరంగా చెప్పాడు. ఆసామి అంతా విని, నా వైపు చూసి, "అయితే ఈ అబ్బాయి కూడా బండితో పాటు వస్తాడా?" అన్నాడు. నాయన నవ్వాడు. బావ కూడా నవ్వాడు. హ్యాండిలు కింద కొంత తగ్గించుకుంటానని ఆసామి, వద్దని బావ, సర్దుకోమని నాయన. చివరికి ఆసామి రుమాలు మూట విప్పి బయానా డబ్బు చేత్తో పట్టుకున్నాడు.

"ఇచ్చెయ్ అల్లుడా, మంచి బేరం. పిల్ల రేపే వస్తది" అన్నాడు నాయన.

అప్పుడు అక్క బయటికి వచ్చింది.

"బండి సంగతి తేల్చుమన్నగని అమ్ముమన్ననా?" అంది.

"మరింకేందే?" అన్నాడు నాయన.

"ఎంతమంది పడతరు అంటె ఇద్దరం అన్నడు. ఇద్దరం అంటె నేను, ఆయన అనుకున్న. ఆ పొద్దు లోపలికి పోయి చీర గూడ మార్చుకున్న. బయటికొచ్చి చూస్తె గీడు ఎక్కి పోయిండు. ఆనాటి సంది గీడే." ఆమె నా వైపు వేలు చూపించింది. "లగ్గమయి ఏడేండ్లాయె. ఊర్ల ఉన్న పెండ్లికూతుళ్లందరు ఈయన కచ్చడం ఎక్కిన్రు. నేను ఎక్కుదమంటె ఎప్పుడు కిరాయే."

ఎద్దు నోరు తెరవకముందే దాని వయసు చెప్పే మనిషి, పెళ్లాం నోరు తెరిచి చెప్పేదాకా ఈ సంగతి తెలుసుకోలేకపోయాడు. నాకు ఎక్కడికైనా పారిపోదామనిపించింది.

అక్క రెండో సీటు దగ్గరికి వచ్చింది. నా తువ్వాలు తీసి నా మీద పడేసింది. నా బీడీల డబ్బా, పెట్రోలు డబ్బా కింద పెట్టింది. కొంగు నడుముకు చెక్కి బండి వెనక్కి నడిచింది.

"నువ్వెందుకే, వాడు తోస్తడు" అన్నాడు బావ.

"వాడు తోస్తె వాడే ఎక్కుతడు."

నాయన కేకలేశాడు, వీధిలో ఆడవాళ్లు బయటికొచ్చారు. అక్క ఎవరినీ చూడలేదు. నేను చెయ్యి వెయ్యబోతే మోచేత్తో పక్కకు నెట్టింది. కోదాడ వీధి మహా చదును. నాలుగోసారికి బండి దగ్గి లేచింది. ఆమె పరిగెత్తి, పొట్టి తలుపు మీదుగా కాలు వేసి ఎక్కి కూర్చుంది. సూర్యాపేట దారిలో ఆ దుమ్ము చాలాసేపు కనిపించింది. ఆసామి బయానా మళ్లీ రుమాల్లో మూట కట్టుకున్నాడు.

నెల రోజులు వాళ్లిద్దరూ ఆ బండిలో తిరిగారు. హుజూర్‌నగర్ పోయారు, పాలకీడులో చుట్టాల ఇంటికి పోయారు, ఊరికే మూసీ ఒడ్డు దాకా కూడా పోయి వచ్చారు. ఎక్కడికి పోయినా ఆమే తోసేది. పెట్రోలుకు డబ్బులు అయిపోయిన రోజున, "తిరిగినం గద, సాలు" అని మిర్యాలగూడ మిల్లాయనకు ఇప్పించేసింది. ఆయన ఇచ్చినదానికి జత రాలేదు, ఒక్క ఎద్దే వచ్చింది. ఒంటెద్దు బండితో మళ్లీ కిరాయి మొదలైంది.

మిల్లు దగ్గర బండి అప్పగించేటప్పుడు అక్క ఒక పాన అడిగి తీసుకుని, రెండో సీటు విప్పి దించింది. మిల్లాయన ఇదేందన్నాడు. "గొడ్డునమ్మినోడు పలుపు ఇస్తడా?" అంది. బావ న్యాయమేనన్నాడు.

ఆ సీటు ఇప్పటికీ వాళ్ల ఇంటి ముందు గదిలో ఉంది. తోలు రెండుసార్లు మార్పించారు. ఎవరు వచ్చినా దాని మీదే కూర్చోమంటుంది. నేను వెళ్లినప్పుడు మాత్రం లోపలికి పోయి చాప తెచ్చి పరుస్తుంది.